నోనీ పక్క కుర్చీ

కారహీన్, క్లేర్ జిల్లా
12 ఫిబ్రవరి 1984

కార్క్ కాన్వెంటులో ఉన్న అక్కయ్యకు తమ్ముడు మాలకీ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నా నాలుగు ఆవులూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం ప్రార్థనల కోసం కాదు. నువ్వు సిస్టర్ బెనీనస్‌వై ముప్పయ్యేళ్లయినా, ఆదివారం పూజలో గిటారు వాయించేదానివే కాబట్టి ఈ గోడు నీకే చెప్పుకోవాలి.

గారిహీ పబ్బులో గురువారం సాయంత్రం మా వాయిద్యం నీకు తెలిసిందే. నోనీ హెహిర్ ఫిడేలు, చుట్టూ ఇద్దరు ముగ్గురు, ఆవిడకి ఎదురుగా తలుపు దగ్గర స్టూలు మీద నేనూ నా గిటారూ. పందొమ్మిదేళ్లుగా ఆ తలుపు సందులోంచి వచ్చే చలిగాలంతా నా వీపుకే. నోనీకి కుడిపక్కన, చలిమంట దగ్గర మెత్త వేసిన కుర్చీ ఒకటుంది. ఆరేళ్లుగా అందులో వేణువు వాయించే జేమ్సీ టాల్టీ కూర్చునేవాడు. పాపం, క్రిస్మస్ వెళ్లగానే పోయాడు. నెల రోజులు ఎవరూ ఆ కుర్చీ జోలికి పోలేదు, అది మా మర్యాద. ఆ తరవాత అది నాకే వస్తుందని ఊరంతా అనుకున్నారు. నేను అనుకోలేదంటే అబద్ధం.

మొన్న గురువారం, కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు, అల్టన్ ప్రెండ్విల్ అని ఒక గడ్డం ఆసామి, గిటారు పట్టుకుని దిగాడు. తలుపు దగ్గర నిలబడే మాతో ఒక బాణీ కలిపాడో లేదో, నోనీ వాయించేది ఆపి, "ఇలా రా నాయనా, నా పక్కన కూర్చో," అంది. ఆ కుర్చీయే చూపించింది. పందొమ్మిదేళ్లలో నన్ను ఒక్కసారి "ఇలా రా" అన్న పాపాన పోలేదు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

వాడు తీగలు మనలా బిగించడు. అదేదో వేరే శ్రుతి. డి, ఎ, డి, జి, ఎ, డి అట. మీటితే గుమ్మని గది నిండా మోగుతుంది. నోనీ ఆ శ్రుతికే పడిపోయిందని నా నమ్మకం. రెండు గిటార్లు ఒకేసారి మోగకూడదు కదా, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అందుకని ఇప్పుడు ఒక బాణీకి వాడు, ఒక బాణీకి నేను. వాడి వంతప్పుడు నేను గిటారు ఒళ్లో పెట్టుకుని, నవ్వుమొహం పెట్టుకుని కూర్చోవాలి. ఆ నవ్వుకి నా దవడలు నొప్పెడుతున్నాయి.

మే నెలలో రేడియోవాళ్లు నోనీ ఫిడేలు రికార్డు చేసుకోవడానికి వస్తున్నారు. ఒక ఫిడేలు, ఒక గిటారు. ఎవరి గిటారో నోనీయే చెబుతుంది. అక్కయ్యా, అది నాది కావాలి. ఆ శ్రుతి నాకు ఉత్తరంలోనే నేర్పు. మూడో కంటివాడికి తెలియకూడదు.

నీ తమ్ముడు,
మాలకీ కాన్సిడైన్

తా.క. ఈసారి ఉపవాస దినాలకు ఏం మానేస్తావని ఫాదర్ అడిగారు. అసూయ అనబోయి, అంత పెద్ద మాట ఇచ్చి తప్పడం ఎందుకని చక్కెర అన్నాను.


కార్క్
20 ఫిబ్రవరి 1984

తమ్ముడు మాలకీకి, దేవుడు నీకు బుద్ధినీ దాంతోపాటు కాస్త సిగ్గునీ ప్రసాదించాలని కోరుతూ అక్కయ్య రాసేది.

యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి నీకు. కుర్చీ కోసం ఏడ్చే వయసా ఇది? అయినా అడిగావు కాబట్టి చెబుతాను, నేర్పడం పాపం కాదు.

ఆరు తీగల్లో ఒకటో తీగ, రెండో తీగ, ఆరో తీగ, ఈ మూడింటినీ ఒక్కో పూర్తి స్వరం కిందికి దించు. తక్కిన మూడూ ముట్టుకోకు. వేళ్లు ఎక్కడ పెట్టాలో కాగితం వెనక బొమ్మలు గీశాను. ఈ శ్రుతిలో గిటారు ఇది సంతోషం, ఇది దుఃఖం అని తేల్చి చెప్పదు. ఆ తీర్పు ఫిడేలుకి వదిలేస్తుంది. అందుకే ఫిడేలువాళ్లకి నచ్చుతుంది. నువ్వూ నచ్చాలంటే తక్కువ వాయించు.

ఇంకో మాట. పందొమ్మిదేళ్లు ఒక ఆడమనిషి ఎదురుగా కూర్చుని, ఇప్పుడు ఆవిడ పక్కన ఇంకొకడు కూర్చునేసరికి ఇంత రాద్ధాంతం చేస్తున్న మగవాడికి పట్టింది గిటారు జబ్బు కాదురా. నోనీ భర్త పోయి ఎన్నేళ్లయింది?

నీ మేలు కోరే
అక్కయ్య

తా.క. ఇక్కడికి సిస్టర్ ఇమెల్డా అని ఇరవై నాలుగేళ్ల పిల్ల వచ్చింది. పోయిన ఆదివారం పది గంటల పూజలో నా బదులు గిటారు తనే వాయించింది. నాకేమీ అనిపించలేదు. నాకేమీ అనిపించలేదని ఫాదర్ దగ్గర రెండుసార్లు ఒప్పుకోలు కూడా చెప్పుకున్నాను.


కారహీన్
14 మార్చి 1984

అక్కయ్యకు, మూడు వారాలుగా సరిగ్గా నిద్రలేని తమ్ముడు రాసేది.

నువ్వు చెప్పినట్టే మూడు తీగలూ దించాను. నువ్వు గీసినట్టే వేళ్లు పెట్టాను. ఇంట్లో వాయిస్తే దారిన పోయేవాళ్లు వింటారని ఆవుల కొట్టంలో కూర్చుని సాధన చేస్తున్నాను. అక్కయ్యా, ఆ మోత మనుషులు వినేది కాదు. ఒక తీగ ఎక్కడికో పోతుంది, ఇంకోటి దాన్ని తిట్టుకుంటూ ఇంకెక్కడికో పోతుంది. నాలుగు ఆవులూ పాలు సగానికి సగం తగ్గించేశాయి.

ఏం చేయను? పశువుల డాక్టరుని పిలవాల్సి వచ్చింది. ఈ చుట్టుపక్కల ఉన్నది ఒక్కడే డాక్టరు. వాడు నా కొట్టంలోకి వచ్చి, నా ఆవుల డొక్కలు తట్టి, జబ్బేమీ లేదు, దేనికో బెదిరాయి, దగ్గర్లో ఏదైనా మిషను నడుస్తోందా అని అడిగాడు. లేదన్నాను. గిటారు గడ్డి కింద దాచాను కాబట్టి బతికిపోయాను. పైగా ఎంత మర్యాదస్తుడో చూడు, నా దగ్గర పైసా తీసుకోలేదు. అది ఇంకా మండింది.

గురువారాలు చూడలేకపోతున్నాను. వాడు ఆవిడ చెవి దగ్గర గొణుగుతూనే ఉంటాడు. వాడేం చెప్పినా ఆవిడ నవ్వుతూ తలాడిస్తుంది. నేను ఎదురుగా కూర్చుని ఒక్క మీటు తప్పితే మాత్రం కనుబొమ ఎత్తి చూస్తుంది. వాడు వాయించినంతసేపూ ఒక్కసారి కూడా కనుబొమ కదల్లేదు. లెక్కపెట్టాను.

నోనీ భర్త పోయి పదకొండేళ్లయింది. ఎందుకడిగావు?

ఇట్లు,
మాలకీ

తా.క. ఒకటో తీగంటే లావుదే కదా? గిటారు ఒళ్లో పెట్టుకుని కిందికి చూస్తే కంటికి మొదట కనబడేది అదే.


కార్క్
20 మార్చి 1984

తమ్ముడికి, నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకున్న అక్కయ్య రాసేది.

భోజనాల దగ్గర మౌనం పాటించాల్సిన వేళ నీ తా.క. గుర్తొచ్చి పక్కున నవ్వాను. మదర్ గారు నాకు మూడు రోజులు గిన్నెలు తోమే శిక్ష వేశారు. ఆ పాపం నీదే.

ఒకటో తీగ సన్నది. నేల వైపు ఉండేది. లెక్క అక్కణ్నుంచి పైకి రావాలి, ప్రపంచమంతా అలాగే లెక్కపెడుతుంది. నువ్వు పైనుంచి లెక్కపెట్టి, దించకూడని తీగ దించి, దించాల్సింది వదిలేశావు. ఆ తీగల మీద నా బొమ్మల ప్రకారం వేళ్లు పెడితే ఆవులు బెదరక ఏం చేస్తాయి? పందొమ్మిదేళ్లు వాయించినవాడికి తీగ నంబరు తెలియదని ఎవరు కలగన్నారు? లావు తీగ నుంచి రెండోదాన్ని మళ్లీ పైకి బిగించు, సన్న తీగ పక్కదాన్ని దించు. గడ్డి దులుపుకుని మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. పదకొండేళ్లని టక్కున చెప్పావు. సొంత పెదనాన్న ఏ సంవత్సరం పోయాడో నీకు గుర్తులేదు. సరే, నాకు అర్థమైపోయింది. సిగ్గుపడకు. నోనీకి నేనే ఒక ముక్క రాస్తాను. చుట్టూ తిప్పి అడుగుతానులే, నీ పరువుకేం ఢోకా లేదు.

ఆశీస్సులతో,
అక్కయ్య

తా.క. ఈ శ్రుతి సిస్టర్ ఇమెల్డాకి కూడా నేనే నేర్పాను. ఈస్టరుకి బిషప్పుగారు వచ్చే పూజలో ఆమెనే వాయించమన్నారు. తీగలు దించడం వరకు నేర్పాను. వేళ్లు ఎక్కడ పెట్టాలో ఇంకా చెప్పలేదు. తీరిక దొరకడం లేదు.


కారహీన్
27 ఏప్రిల్ 1984

అక్కయ్యకు, విజయం సాధించిన తమ్ముడు రాసేది.

ముందుగా, నోనీకి ఏమీ రాయకు. నాకు పెళ్లి వద్దు, కుర్చీ కావాలి. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ముప్పయ్యేళ్లు కాన్వెంటులో ఏం నేర్చుకున్నావో నాకు తెలియదు. నాకు అసూయ గురించి చెప్పే ముందు నీ ఇమెల్డా సంగతి చూసుకో. గురివింద గింజ తన నలుపెరగదట.

ఇప్పుడు విను. తీగలు సరిగ్గా దించాక ఆ శ్రుతి నిజంగానే తేనె అక్కయ్యా. ఆవులు మళ్లీ పాలిస్తున్నాయి. నాలుగు వారాలు వేళ్లు బొబ్బలెక్కేలా సాధన చేసి, నిన్న గురువారం ఎనిమిదింటికి మొదలయ్యే వాయిద్యానికి ఆరింటికే వెళ్లాను. తిన్నగా పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. గారిహీ పెళ్లాం గ్లాసు తుడవడం ఆపి చూసింది. చూడనీ.

నోనీ వచ్చింది, నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది, కూర్చుని విల్లు బిగించుకుంది. అల్టన్ వచ్చాడు, చూశాడు, మొహంలో నవ్వు మాడిపోయింది. వెళ్లి తలుపు పక్కన నా స్టూలు మీద కూలబడ్డాడు. గాలి వాడి వీపుకి తగులుతుంటే నా వీపు వెచ్చబడింది. నా వంతు రాగానే కొత్త శ్రుతిలో వాయించాను. కనుబొమ కదల్లేదు. ఒక్కసారి కూడా. బాగుందా అని చెవిలో అడిగితే తలూపింది. వానొచ్చేలా ఉంది అంటే తలూపింది. పందొమ్మిదేళ్లలో ఆవిడ నాతో ఇంత మర్యాదగా ఎప్పుడూ లేదు. రేడియో ఇక నాదే అనుకో.

గెలిచిన తమ్ముడు,
మాలకీ

తా.క. ఈ ఉత్తరం కోటు జేబులో పెట్టి పోస్టు చేయడం మరిచాను. ఈలోగా వారం తిరిగింది. నిన్న నోనీ రేడియో మనిషికి పేరు ఇచ్చింది. అల్టన్ పేరు. అక్కయ్యా, కుర్చీ నాకిచ్చి గిటారు వాడికిచ్చింది. నేను రెండు రోజులుగా టీ కూడా ముట్టుకోలేదు.


కార్క్
9 మే 1984

తమ్ముడికి అక్కయ్య రాసేది. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నువ్వు వద్దనే లోపలే నేను నోనీకి రాసేశాను. జవాబు నిన్న వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని రాసింది. ఇది ఒప్పుకోలు కాదు, నేను ఫాదరునీ కాదు, కాబట్టి నీకొక్కడికి చెబుతున్నాను. నువ్వు మాత్రం నోరు విప్పావంటే నీకూ నాకూ మాటల్లేవు.

నోనీకి కుడిచెవి వినపడదు. ఆరేళ్లయింది. ఫిడేలు ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి వాయించుకోవడానికి ఇబ్బంది లేదు. బయటపడితే పెళ్లిళ్లకీ చావులకీ తనని పిలవడం మానేస్తారని ఆవిడ భయం. ఆ ఫిడేలు తప్ప ఆవిడకింకేం ఉంది చెప్పు? మిగతాది ఆవిడ మాటల్లోనే రాస్తాను:

"జేమ్సీ మంచివాడే గానీ వేణువు ఎప్పుడూ శ్రుతి తప్పేది. పొమ్మనలేక కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాను. డాక్టరబ్బాయి చేయి మంచిదే, కానీ ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వడని మొదటి బాణీకే తెలిసిపోయింది. వాడినీ పొమ్మనలేక ఆ కుర్చీయే చూపించాను. మీ మాలకీని మాత్రం ఎదురుగా, మంచి చెవికి అందేలా అట్టేపెట్టుకున్నాను. వాడు వాయించేది కొంచెమే, అది ఉండాల్సిన చోట ఉంటుంది. తాళం వేసే వాడి పాదం చూస్తూ వాయిస్తాను. అలాంటిది మొన్న తనంతట తానే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. నాతో వాయించడం విసుగెత్తి, చెప్పలేక అలా తప్పుకున్నాడు కాబోలనుకున్నాను. అడిగితే బాగుండదు కదా. మరో వారం చూశాను, అక్కడే కూర్చున్నాడు. అందుకే డాక్టరు పేరు ఇచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే విన్నాను గానీ, ఊదడానికి నాలుగు వారాలు సాధన చేసి మరీ వెళ్లినవాణ్ని నిన్నే చూశాను. ఒక్కరూ నోరు తెరిచి మాట్లాడరు కదా మీ ఊళ్లో. పదిహేడో తారీకున రేడియోవాళ్లు వస్తారు. వెళ్లి నీ స్టూలు మీద కూర్చో. నువ్వు అక్కడ కనబడితే పేరు మార్చేస్తానని రాసింది. తీగలు మళ్లీ మామూలుగా బిగించుకో.

అక్కయ్య

తా.క. పెళ్లి సంగతి నేను చుట్టూ తిప్పి అడిగాను. ఆవిడ తిప్పకుండా జవాబిచ్చింది. "మాలకీ అంటే నాకు అభ్యంతరం లేదు. గురక పెడతాడని విన్నాను. కుడిపక్కన పడుకుంటే సరిపోతుంది."


కారహీన్
29 మే 1984

అక్కయ్యకు, ఏడవాలో నవ్వాలో తేలని తమ్ముడు రాసేది.

పదిహేడో తారీకున నేను వెళ్లేసరికి అల్టన్ నా స్టూలు మీద ఉన్నాడు. "డాక్టర్ గారూ, ఇవాళ మీరు నోనీ పక్కన కూర్చోవడమే న్యాయం," అన్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంత పెద్ద మనసు ఈ ఊళ్లో చూడలేదన్నాడు. నేనూ చూడలేదు.

నన్ను స్టూలు మీద చూడగానే నోనీ మొహం వెలిగింది. రేడియో మనిషిని పిలిచి కాగితం మీద పేరు కొట్టించి నా పేరు రాయించింది. అల్టన్ మొహం చూడలేకపోయాను. ఆవిడకి జాలేసినట్టుంది, ఎవరినీ చిన్నబుచ్చే మనిషి కాదు కదా. వాడి వైపు తిరిగి, నువ్వు కూడా మెల్లగా వాయించు నాయనా అంది. రెండు గిటార్లు కుదరవని రేడియో మనిషి అనబోయాడు. "ఆయన వాయిస్తే నాకేమీ అడ్డం రాదు," అంది నోనీ. అది నిజమే కదా.

వాయించాం. అక్కయ్యా, అలా ఎప్పుడూ వాయించలేదు. ఆవిడ నా పాదం మీంచి చూపు తిప్పలేదు. నా ఎడమచేతి వేళ్లు ఎక్కడికి పోవాలో అక్కడికి వాటంతటవే పోయాయి. అయ్యాక విల్లు ఒళ్లో పెట్టుకుని "బాగుంది మాలకీ," అంది. పందొమ్మిదేళ్లలో మొదటిసారి.

మొన్న ఆదివారం పూజ అయ్యాక ఊరంతా గారిహీ పబ్బులో రేడియో చుట్టూ మూగారు. నోనీ ఒక్కతే ఇంట్లో వింటానంది. ఫిడేలు నోనీ హెహిర్, గిటారు మాలకీ కాన్సిడైన్ అని చదివారు. నా ఒళ్లు పులకరించింది. తరవాత గిటారు మొదలైంది. గుమ్మని, గది నిండా. అది అల్టన్ గిటారు. మొదటి నుంచి చివరిదాకా వాడిదే. నా మీటు ఒక్కటంటే ఒక్కటి వినపడలేదు. తలుపు గాలి హోరు పడుతుందని రేడియో మనిషి మైకు చలిమంట వైపు, వాడి ఒళ్లో పెట్టినంత దగ్గరగా పెట్టాడు మరి.

జనం లేచి నా వీపు చరిచారు. ఇన్నాళ్లూ ఈ విద్య ఎక్కడ దాచావయ్యా అన్నారు. గారిహీ పెళ్లాం, పందొమ్మిదేళ్లలో నాకు ఒక మంచి మాట చెప్పని మనిషి, కళ్లు తుడుచుకుంది. వాళ్లందరికీ నచ్చింది వాడి వాయింపు, పేరు నాది. నా పేరు చూసి నేనే కుళ్లుకునే రోజు వచ్చింది.

అల్టన్ నన్ను బయటికి పిలిచాడు. "మాలకీ, అది నా గిటారు," అన్నాడు.

"నీదే," అన్నాను.

"మరి లోపలికెళ్లి ఆ మాట చెప్పవేం?"

ఎలా చెప్పను? పక్కనే అంత మోత మోగుతుంటే నోనీకి ఎందుకు వినపడలేదని పది మందీ అడుగుతారు. ఆ తరవాత ఆవిణ్ని ఏ పెళ్లికీ పిలవరు. వాడు నన్ను దొంగని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు నాకు తెలుసు. ఫిబ్రవరి నుంచి రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తున్నాను.

సాయంత్రం నోనీ నా ఇంటికే వచ్చింది. కోపంతో ఊగిపోతోంది. "ఈ రేడియోవాళ్లు నీ గిటారుని నాశనం చేశారు మాలకీ. ఒకటే మోత, ఊపిరి తీసుకునే సందు లేదు. నువ్వు ఆ రోజు వాయించింది అది కానేకాదు. నాకు తెలుసు, నేను విన్నాను," అంది. వాళ్లకి గట్టిగా ఒక ఉత్తరం రాసి పడేస్తానంది. వద్దని బతిమాలి కూర్చోబెట్టి టీ ఇచ్చాను. చీకటి పడేదాకా కూర్చుంది. నీ తా.క.లోని పెళ్లి సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం కార్క్ నుంచి వచ్చే ఉత్తరం కోసం చూస్తున్నాం.

ఊరంతా విన్నది వాణ్ని. నన్ను విన్నది ఆవిడొక్కతే. అది చాలు అని రాద్దామనుకున్నాను అక్కయ్యా. నిజానికి ముప్పాతిక వంతు చాలు.

నీ తమ్ముడు,
మాలకీ

తా.క. ఇప్పుడే డబ్లిన్ నుంచి రేడియోవాళ్ల ఉత్తరం వచ్చింది. ఆ శ్రుతిలో గిటారు వాయించిన మాలకీ కాన్సిడైన్ గారు జూన్ ఇరవయ్యో తారీకున ఒంటరిగా వచ్చి, అచ్చం అలాగే అరగంట వాయించాలట. వేరే దారిలేక వెళ్లి అల్టన్‌ని అడిగాను. తప్పకుండా నేర్పుతానన్నాడు. అప్పుడు వాడు నవ్విన నవ్వు నాకేమీ నచ్చలేదు.